పాత తివాచీ: రంగు అంటుతోంది, కొనొచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. రెండేళ్లుగా పాత తివాచీలంటే ప్రాణం. మొన్న కోట దగ్గర ఒకరింట్లో అటక మీద చుట్టి పెట్టిన ఎర్ర తివాచీ చూపించారు. పర్షియాదట (అంటే ఇరాన్), వందేళ్లదట. 40 వేలు అడుగుతున్నారు.

తిరగేసి చూశాను. వెనకవైపు ముడులు స్పష్టంగా ఉన్నాయి, అంగుళానికి అటు 10, ఇటు 10. అంచు కుచ్చులు విడిగా కుట్టినవి కావు, తివాచీ నేతలోని పడుగు (నిలువు) దారాలే. చేతి నేతేనని నా నమ్మకం. ఎరుపు ఒకచోట ముదురు, జానెడు అవతల లేత. అది నాకు భలే నచ్చింది.

కానీ తడి తెల్లగుడ్డతో రుద్దితే గులాబీ రంగు అంటింది. అదే టెన్షన్. 1856 తర్వాత వచ్చిన రసాయన రంగులా, లేక వెలిసిన చోట ఈమధ్య ఎవరైనా పూశారా? ఎలా తేల్చుకోవాలి? ఇది ఇరాన్‌దో, తివాచీలకు పేరున్న మన ఏలూరుదో ఏం చూసి చెప్పాలి? ఏలూరుదైనా నాకు సంతోషమే, ధరే తేడా. ఆదివారంలోగా మాట చెప్పాలి. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.