విదేశాలకు చదువు పత్రాలు: అపోస్టిల్ ఎవరికి, ఎంబసీ అటెస్టేషన్ ఎవరికి, సీల్డ్ కవరు ఎవరికి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా చెల్లెలు బీటెక్ పూర్తి చేసి ఇటలీలో మాస్టర్స్‌కు ప్రవేశం తెచ్చుకుంది. మా బావగారికి ఖతర్‌లో సైట్ ఇంజినీరుగా ఉద్యోగం వచ్చింది. ఇద్దరి సర్టిఫికెట్లకూ ధ్రువీకరణ కావాలని ఒక ఏజెంటును అడిగితే, పదో తరగతి మెమో మొదలుకొని ఓడీ (ఒరిజినల్ డిగ్రీ, అంటే అసలు పట్టా) వరకు అన్నింటికీ కలిపి ఇద్దరికీ ఒకే ప్యాకేజీ చెప్పాడు. అన్ని కాగితాలకూ ముద్రలు వేయించడం నిజంగా అవసరమా, ఇద్దరికీ ఒకే పద్ధతి వర్తిస్తుందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మంజీర:
వర్తించదండి. మీ ఇద్దరి దారులూ విదేశాంగ శాఖ దాకా దాదాపు ఒకటే, అక్కడి నుంచి విడిపోతాయి. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర ఒక్కటి ఉంటే చాలు, రాయబార కార్యాలయానికి వెళ్లే పని లేదు. మన దేశానికి ఈ ఒప్పందం 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. ఇటలీ అందులో ఉంది కనుక మీ చెల్లెలికి అపోస్టిల్ సరిపోతుంది. ఖతర్ అందులో లేదు కనుక మీ బావగారి పత్రాలకు విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్ వేస్తుంది. ఆ తరువాత ఖతర్ ఎంబసీ ముద్ర, అక్కడికి చేరాక ఆ దేశపు విదేశాంగ శాఖ ముద్ర కూడా పడాలి.

ఈ ముద్రలు దేనికి పడుతున్నాయో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. అపోస్టిల్ మీ మార్కులకు గానీ, చదువు నాణ్యతకు గానీ పూచీ కాదు. పత్రం మీద ఉన్న సంతకం నిజమైనదేనని, సంతకం చేసినవారు ఆ హోదాలో ఉన్నవారేనని, ముద్ర అసలైనదేనని మాత్రమే అది చెబుతుంది. దేశంలోని వందలాది విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్ల సంతకాలు ఢిల్లీలో ఎవరి దగ్గరా ఉండవు. కాబట్టి ముందు రాష్ట్ర ప్రభుత్వంలో ఆ పనికి నియమితులైన అధికారి మీ పట్టాను విశ్వవిద్యాలయంతో సరిచూసి సంతకం చేస్తారు, ఆ అధికారి నమూనా సంతకం తమ దగ్గర ఉంది కనుక విదేశాంగ శాఖ దాన్ని ధ్రువీకరిస్తుంది. జాప్యం ఎప్పుడైనా ఈ మొదటి మెట్టులోనే. విశ్వవిద్యాలయం నుంచి జవాబు వచ్చేదాకా పత్రం అక్కడే ఉంటుంది, ఏ ఏజెంటూ దాన్ని తొందరపెట్టలేడు.

ఖర్చు సంగతికొస్తే, విదేశాంగ శాఖ అపోస్టిల్‌కు తీసుకునే రుసుము పత్రానికి 50 రూపాయలు, మామూలు అటెస్టేషన్ ఉచితం. ఆ శాఖ మన చేతి నుంచి పత్రాలు నేరుగా తీసుకోదు, తాను గుర్తించిన సంస్థల ద్వారానే తీసుకుంటుంది, వాటి సేవా రుసుము వేరుగా ఉంటుంది. 2019 నుంచి హైదరాబాద్‌లోనూ ఈ పని జరుగుతోంది కనుక ఢిల్లీకి పంపితే తప్ప కాదని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. విశ్వవిద్యాలయం లేదా బోర్డు ఈ-సనద్‌తో (పత్రాలను ఆన్‌లైనులో ధ్రువీకరించే ప్రభుత్వ వేదిక) అనుసంధానమై ఉంటే దరఖాస్తు ఇంటి నుంచే పెట్టుకోవచ్చు, ముందు అది చూడండి.

దోహా_మిత్రుడు:
మంజీరగారు చెప్పినదానికి ఖతర్ వైపు నుంచి కొంత కలుపుతాను. ఇక్కడ ఇంజినీరు ఉద్యోగానికి డిగ్రీ మీద ముద్రలు ఉంటే సరిపోదు, విశ్వవిద్యాలయం ఇచ్చే జెన్యూన్‌నెస్ లెటర్ (పట్టా నిజమైనదేనని చెప్పే లేఖ) కూడా అడుగుతారు. అభ్యర్థి రెగ్యులర్ పద్ధతిలో చదివారని, ఏ ఊళ్లో, ఏ కాలంలో చదివారని అందులో స్పష్టంగా ఉండాలి. దూరవిద్య కాదన్న ఒక్క మాట లేక ఫైళ్లు ఆగిపోయినవారు నాకు తెలుసు. విశ్వవిద్యాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే కంపెనీ పంపిన నమూనాను జతచేస్తే గుమాస్తాకూ సులువు, మీకూ సులువు.

మా జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వచ్చేవారిలో పాలిటెక్నిక్ డిప్లొమావారు ఎక్కువ. వారి పత్రం ఇచ్చేది విశ్వవిద్యాలయం కాదు, సాంకేతిక విద్యా మండలి. కాబట్టి పరిశీలన కూడా అక్కడే జరగాలి. బావగారు కుటుంబాన్ని తెచ్చుకునే ఆలోచనలో ఉంటే వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు కూడా ఇప్పుడే చేయించుకోమనండి. అవి విద్యా పత్రాల వరుసలో వెళ్లవు, రాష్ట్రంలో వాటిని చూసే అధికారులు వేరు.

ఓరుగల్లు_ఇంజినీరు:
ఎవరూ ముందుగా చెప్పని సంగతి లామినేషన్. మన ఇళ్లలో పదో తరగతి మెమో చేతికి రాగానే బజారుకు తీసుకెళ్లి ప్లాస్టిక్ తొడిగించడం ఆనవాయితీ. ముద్రలూ, అపోస్టిల్ స్టిక్కరూ పడేది అసలు పత్రం వెనుకవైపు, ఆ ప్లాస్టిక్ మీద అవి పడవు. వేడి చేసి అంటించిన పొరను లాగితే అక్షరాలు దానితోపాటే లేచి వస్తాయి, యూట్యూబులో చూపించే ఇస్త్రీపెట్టె ప్రయోగాలు దయచేసి చేయకండి. పొర మామూలు కవరులా వదులుగా ఉంటే సరే, లేకపోతే బోర్డు నుంచి డూప్లికేట్ తెప్పించుకోవడమే మార్గం, దానికి పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

రెండోది పేరు. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, డిగ్రీలో చివర పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో విడి గడిలో ఉంటుంది. మనకు అది ఒకే మనిషి, అక్కడి అధికారికి ముగ్గురు. పాస్‌పోర్టును ఆధారంగా పెట్టుకుని, తేడా ఉన్న పత్రాలకు అవన్నీ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్ సిద్ధం చేసుకోవడం మంచిది. స్పెల్లింగే తప్పు అయితే మాత్రం అఫిడవిట్‌తో సరిపెట్టకుండా ముద్రలకు ముందే బోర్డులో దిద్దించుకోవాలి, ఎందుకంటే ముద్రలు పడ్డాక దిద్దితే కొత్త పత్రానికి మళ్లీ మొదటి నుంచి అన్నీ చేయించాలి.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. బావగారు 2006లో కాకినాడలో చదువు ముగించారు, పట్టా మీద మాత్రం హైదరాబాద్ జేఎన్‌టీయూ ముద్ర ఉంది. ఏ రాష్ట్రంలో చేయించాలి?

మంజీర:
చదివిన ఊరిని బట్టి కాదు, పత్రం ఎవరు జారీ చేశారన్నదాన్ని బట్టి వెళ్లాలి. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది, ఆయన పట్టా అంతకు ముందుది. మా వదినగారి పాత పట్టాకూ ఇదే ప్రశ్న వచ్చింది, కూకట్‌పల్లిలోని హైదరాబాద్ జేఎన్‌టీయూలోనే పరిశీలన జరిగి తెలంగాణ వైపు నుంచి వెళ్లింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, నాగార్జున, ఎస్వీయూ పట్టాలకు ఈ చిక్కు లేదు, అవి నేరుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వద్దకే వెళ్తాయి.

ఇక ఏజెంటు ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు) ముద్రతో వారంలో పని అవుతుందని చెబితే, అది ఢిల్లీలోని దగ్గరి దారి అని గుర్తుంచుకోండి. రాష్ట్ర విద్యా శాఖను దాటవేసే ఆ దారిని కొన్ని ఎంబసీలు విద్యా పత్రాలకు ఒప్పుకోవు. ఏజెంట్లందరూ మోసగాళ్లని నేను అనను, ఊళ్లో ఉండి తిరగలేనివారికి వారు ఉపకారమే చేస్తారు, కానీ ఏ ముద్ర ఎక్కడ వేయిస్తారో రాతపూర్వకంగా చెప్పనివారికి అసలు పత్రాలు ఇవ్వకూడదు.

టొరంటో_తెలుగు:
ఈ చర్చ చదివి అమెరికా, కెనడాలకు వచ్చేవారు కూడా అపోస్టిల్ కోసం పరుగులు పెడతారేమోనని రాస్తున్నాను. కెనడాకు హేగ్ ఒప్పందం 2024 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజమే, కానీ చదువు మదింపునకు వెస్ (విదేశీ చదువులు అక్కడ దేనికి సమానమో తేల్చే సంస్థ) అడిగేది అది కాదు. విశ్వవిద్యాలయం తానే ట్రాన్‌స్క్రిప్టును (చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పట్టిక) కవరులో పెట్టి, అంటించిన మడత మీద సగం అటూ సగం ఇటూ పడేలా ముద్ర వేసి పంపాలి. మీ రెఫరెన్సు నంబరు కవరు మీద ఉండాలి. ఆ కవరును మీకు అందజేస్తే సరిచూసుకుందామని కూడా తెరవకండి, తెరిచిన కవరు వారికి పనికిరాదు. అమెరికా విశ్వవిద్యాలయాలు కూడా చాలావరకు ట్రాన్‌స్క్రిప్టులతో, మదింపు నివేదికతో సరిపెట్టుకుంటాయి.

జర్మనీది మరో కథ. హేగ్ ఒప్పందంలో భారత్ చేరికపై ఆ దేశం అభ్యంతరం తెలిపింది కనుక మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. విద్యార్థి వీసాకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ (చదువు పత్రాలను పరిశీలించే జర్మన్ కేంద్రం) ధ్రువపత్రం తప్పనిసరి చేశారు.

కృష్ణాతీరం:
చివరి సందేహం. చెల్లెలికి ఓడీ ఇంకా రాలేదు, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే తాత్కాలిక పట్టా), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో) ఉన్నాయి. ఎనిమిది సెమిస్టర్ల మెమోలకూ అపోస్టిల్ వేయించాలా?

మంజీర:
ప్రవేశం ఇచ్చిన విశ్వవిద్యాలయం పంపిన ఈమెయిల్‌లో ఏయే పత్రాల పేర్లు ఉన్నాయో వాటికే వేయించండి. సాధారణంగా పట్టా, సీఎంఎం సరిపోతాయి, సెమిస్టర్ మెమోలు విడిగా అడిగితేనే. పీసీని ఒప్పుకుంటారా, ఓడీ కోసం ఆగాలా అన్నది ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, ఎందుకంటే పీసీ మీద వేయించిన అపోస్టిల్ రేపు ఓడీకి పనికిరాదు. పత్రాలు తిరిగి రాగానే స్టిక్కరు మీది నంబరును ఆన్‌లైనులో సరిచూసుకుని, రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేయించండి. ముందువైపు మాత్రమే అప్‌లోడ్ చేసి, అపోస్టిల్ లేదని తిరస్కరణ తెచ్చుకున్నవారు ఉన్నారు.