ముందు చక్రం దగ్గర టక్‌టక్ శబ్దం, షాకర్లు మార్చాల్సిందేనా?

గుడివాడ_డ్రైవర్:
అందరికీ నమస్తే. నాది 2016 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్లుగా ముందు ఎడమ వైపు నుంచి టక్‌టక్‌మని శబ్దం వస్తోంది. స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కి దిగితే ఏమీ వినపడదు, కానీ విజయవాడ వెళ్లేటప్పుడు అతుకులేసిన రోడ్డు మీద 20, 30 స్పీడ్‌లో డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఒకటే గోల. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే కిందికి టార్చ్ కొట్టి ఓ నిమిషం చూసి, రెండు షాకర్లూ పోయాయి, మార్చేద్దాం అన్నారు. వాటి మీద ఆయిల్ కారిన మరక కూడా లేదు. ఇంటి దగ్గర చూసుకునే దారి ఏమైనా ఉందా? అమ్మానాన్నల్ని శ్రీశైలం తీసుకెళ్లాలి, ఘాట్ రోడ్డు కదా, టెన్షన్‌గా ఉంది.

స్పానర్_అన్న:
తమ్ముడూ, ఇప్పుడే షాకర్ల జోలికి పోకు. షాకర్ పోతే గుంట దాటాక కూడా బండి రెండు మూడుసార్లు ఊగుతుంది, ఆయిల్ కారుతుంది, టైరు ఎగుడుదిగుడుగా అరుగుతుంది. నువ్వు చెప్పిన లక్షణం వేరు. రెండు చక్రాలూ ఒకేసారి బ్రేకర్ ఎక్కితే స్టెబిలైజర్ బార్ (బండి పక్కకి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలిపే కడ్డీ) మెలిపడదు, దాని చివర్ని సస్పెన్షన్‌కి కలిపే లింక్ రాడ్ మీద పెద్దగా లోడ్ ఉండదు. ఒక చక్రం గుంటలో, ఇంకోటి పైన ఉన్నప్పుడే బార్ మెలి తిరిగి లింక్‌ని లాగుతుంది. అందుకే నా అనుమానం మొదట లింక్ రాడ్ మీదే. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే చక్రం వెనక సన్నటి రాడ్, రెండు చివర్లా జాయింట్ల మీద రబ్బరు తొడుగులు (బూట్‌లు) కనపడతాయి. బూట్ చిరిగితే లోపలికి నీళ్లూ మట్టీ పోయి జాయింట్ అరిగిపోతుంది. ఆ జాయింట్ మీద వేళ్లు ఆనించి, ఇంకొకరిని బండి పక్కలకి ఊపమను, లూజు ఉంటే టక్‌మన్నప్పుడల్లా వేలికి తెలుస్తుంది. ఒక్క పక్కే జాకీ మీద లేపి చూడకు, బార్ బిగుసుకుని లూజు దాక్కుంటుంది.

వైజాగ్_లక్ష్మి:
లింక్ సంగతి సరే, ఘాట్ ఎక్కే ముందు చక్రాన్ని కింది ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్ మాత్రం తప్పకుండా చూపించండి. అది ఊడిపోతే చక్రం మడతపడిపోతుంది, లింక్ శబ్దంలా సర్దుకుపోయే విషయం కాదు. చక్రం లేపి, స్టాండ్ పెట్టి, టైరుని గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపాలి. కదిలితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. 3, 9 దగ్గర కదిలితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ చూడాలి. ఇంకోటి, శబ్దం వస్తున్నప్పుడు బ్రేక్ మీద కాలు మెల్లగా ఆనించండి, వెంటనే ఆగిపోతే బ్రేక్ ప్యాడ్‌లని పట్టి ఉంచే కాలిపర్ పిన్‌లు, ప్యాడ్ క్లిప్‌లు చూడాలి. బ్రేక్ వేసినప్పుడూ వదిలినప్పుడూ ఒక్కసారి ధడ్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్ (కింది ఆర్మ్‌ని బండికి బిగించే చోట ఉండే రబ్బరు) చూడాలి.

గుడివాడ_డ్రైవర్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఎడమ లింక్ కింది బూట్ చిరిగి ఉంది, చేత్తో పట్టుకుంటేనే లటలటలాడింది. ఆటోనగర్‌లో రెండు పక్కలా లింక్‌లు కొత్తవి వేయించాను, బాల్ జాయింట్లు గట్టిగానే ఉన్నాయట. అతుకుల రోడ్డు మీద గోల పోయింది! లోయర్ ఆర్మ్ వెనక బుష్ పగిలిందని అదీ మార్చమంటున్నారు. ఇంకా బండి ఆపి స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ దగ్గర టంగ్‌మంటోంది, ఇప్పుడే గమనించాను.

స్పానర్_అన్న:
బుష్ వేయించేటప్పుడు పక్కనే నిలబడు. ఆర్మ్ బోల్టులు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలిపడి కొత్త బుష్ కూడా తొందరగా చిరుగుతుంది. చాలామంది ఇదే వదిలేస్తారు. ఆ టంగ్ శబ్దం స్ట్రట్ (స్ప్రింగ్, షాకర్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ బేరింగ్‌ది అయ్యుండొచ్చు. బేరింగ్ పట్టేస్తే స్ప్రింగ్ మెలి తిరిగి ఒక్కసారిగా జారుతుంది. ఎవరినైనా స్టీరింగ్ తిప్పమని స్ప్రింగ్ మీద అరచేయి ఆనించి చూడు, వేళ్లు చుట్ల మధ్య పెట్టకు. మౌంట్, బేరింగ్ కలిపి మార్పించు. స్ప్రింగ్‌ని నొక్కి పట్టే కంప్రెసర్ ఉన్న షాపులోనే విప్పించాలి, ఇంట్లో పై నట్టు ముట్టుకోవద్దు, నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఎగిరి తగిలితే ప్రాణానికే ప్రమాదం. అన్నీ అయ్యాక చక్రాల అలైన్‌మెంట్ చేయించి బయల్దేరండి.