బీలలో (చిత్తడి నేలలో) రోడ్డుకి మట్టి పోస్తే కేసు ఎవరి మీద: కాంట్రాక్టర్ మీదా, పని ఇచ్చిన ప్రభుత్వ శాఖ మీదా?

బీల_గట్టు: శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు బీల అంచున రోడ్డు పని నడుస్తోంది. టిప్పర్లతో గ్రావెల్ తెచ్చి నీళ్లలోనే పోస్తున్నారు. అడిగితే సబ్ కాంట్రాక్టర్ "వర్క్ ఆర్డర్ ఉంది, పోయి ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని) అడుగు" అంటున్నాడు. ఆర్డరుంటే అతని బాధ్యత తీరిపోయినట్టేనా?

తారు_డబ్బా: తీరిపోయినట్టే. చూపించిన చోట మట్టి పోయడం మా పని. అది చిత్తడి నేలో బంజరో చూసుకోవాల్సింది సర్వేయరు. పర్మిషన్ తేవాల్సింది శాఖ. నేనూ ఇవే పనులు చేస్తాను, తెలిసే చెబుతున్నా.

ప్లీడరు_టెక్కలి: అంత సులువు కాదండీ. 2017 చిత్తడి నేలల నియమాల్లో 4వది చదవండి. చిత్తడి నేలగా ప్రభుత్వం నోటిఫై చేసిన చోట ఆక్రమణ, చెత్త పోయడం నిషేధం. పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల రేవు తప్ప శాశ్వత కట్టడాలూ కుదరవు. దాటితే పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్. అది శాఖనీ వదలదు, కాంట్రాక్టర్‌నీ వదలదు. అయితే మీ బీల నోటిఫై అయిందా లేదా ముందు తేల్చుకోండి. సాగునీటి కోసం తవ్విన చెరువైతే ఈ నియమాలు అసలు వర్తించవు.

ఉద్దానం_కుర్రోడు: జైలా?

ప్లీడరు_టెక్కలి: 2024 ఏప్రిల్ నుంచి 10 వేలు మొదలు 15 లక్షల దాకా జరిమానా. అది కట్టకపోతే జైలు కూడా పడొచ్చు. తప్పు శాఖదైతే శాఖాధిపతికి ఒక నెల బేసిక్ జీతం.

తారు_డబ్బా: చూశారా! ఆయనకు నెల జీతం, నాకు 15 లక్షలు! పోయినేడు చేసిన పని బిల్లే ఇంకా రాలేదు, ఇంట్లో వాళ్ల బంగారం బ్యాంకులో ఉంది.

బీల_గట్టు: మీ బిల్లుల గోల ఇక్కడెందుకు? 2010 జులైలో ఈ బీల కోసమే పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. ఇక్కడ కట్టబోయిన థర్మల్ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ రద్దు చేసింది. పైవాళ్లిచ్చిన కాగితం ఎంతవరకు నిలుస్తుందో అప్పుడే చూశాం.

ఉద్దానం_కుర్రోడు: మళ్లీ మొదలైంది 🙏

తారు_డబ్బా: థర్మల్ ప్లాంటూ రోడ్డూ ఒకటేనా? మాది బీల అవతలి ఊరు. వానల్లో పురిటి నొప్పులొస్తే చుట్టూ తిరిగి ఆసుపత్రికి పోవాలి. మీ ఊరికి రోడ్డు పడినప్పుడు ఈ చట్టాలు గుర్తు రాలేదేం?

బీల_గట్టు: రోడ్డు వద్దని నేనెక్కడన్నాను? మా రోడ్డుకి కల్వర్టులు (కింద నుంచి నీరు పోయే తూములు) పెట్టలేదు. అప్పట్నుంచి పై వైపు నీరు దిగక మా వరి మడిలోనే కుళ్లుతోంది. ఇప్పుడు అవతలి వైపూ నీటికి అడ్డం కట్టేస్తున్నారు.

తారు_డబ్బా: ఎస్టిమేట్‌లో లేని కల్వర్టు నేనెలా వేస్తాను, సొంత డబ్బుతోనా?

బీల_గట్టు: వేయమనలేదు. లేవని రాసి అడగొచ్చుగా.

తారు_డబ్బా: అడిగినోడికి తర్వాతి పని రాదు.

ప్లీడరు_టెక్కలి: రేపు కేసు పడితే తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించడానికి మీ చేతిలో ఆ ఉత్తరమైనా ఉండాలి.

తారు_డబ్బా: రాస్తాను సరే, ఆఫీసులో దాని మీద ముద్ర వేసిచ్చేదెవరు? మీరొచ్చి వేయిస్తారా?