స్పైరలైజర్ కొనొచ్చా? మన మార్కెట్లో దొరికే కూరగాయలకి పనికొస్తుందా?

ధర్మపురి_దీప (విజయనగరం)
అందరికీ నమస్కారం. మా వారికి ఆరు నెలల కిందట షుగర్ ఉందని తెలిసింది. రాత్రిపూట అన్నం తగ్గించమన్నారు డాక్టరు గారు. రోజూ చపాతీ అంటే ఆయనకి మొహం మొత్తింది, చేసే నాకూ విసుగొచ్చింది. బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు కూరగాయల్ని నూడుల్స్‌లా పొడుగ్గా తీసే స్పైరలైజర్ వాడుతోంది. వీడియో కాల్‌లో చూపిస్తే మా వారు "ఇదేదో బాగుందే" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట విని చాలా రోజులైంది.

నా సందేహం ఏమిటంటే, ఆవిడ వాడేది జుకినీ, కీరలా కనబడే విదేశీ కూరగాయ. మన రైతు బజార్లో నాకు ఇంతవరకూ జుకినీ కనబడలేదు. మనకి దొరికేవి ఆనపకాయ (సొరకాయ), దోసకాయ, కీర, క్యారెట్, ముల్లంగి. వీటితో అవుతుందా? నేను చూసినవాటిలో చేత్తో తిప్పేది 400, హ్యాండిల్ ఉన్నది 1,400 చెబుతున్నారు. కరెంటుది ఇంకా ఎక్కువ. మా అత్తగారు "కత్తిపీట ఉండగా ఇదెందుకమ్మా" అంటున్నారు. అటక మీద జ్యూసర్, శాండ్‌విచ్ మేకర్ ఇప్పటికే పడి ఉన్నాయి కాబట్టి ఆవిడ మాట తీసిపారేయలేకపోతున్నాను. నిజంగా వాడినవాళ్ళు చెప్పండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
దీప గారూ, నేను చేత్తో తిప్పేదే కొన్నాను, 350 పడింది. పెన్సిల్ చెక్కుకునే షార్ప్‌నర్ లాంటిదే, కాకపోతే పెద్దది. కాయని లోపల పెట్టి మెలితిప్పుతూ ఉంటే తీగలు బయటికొస్తాయి. కీరకి బాగానే ఉంది. క్యారెట్‌కి మాత్రం మణికట్టు పట్టేసింది. నలుగురికి సరిపడా తీసేసరికి పావుగంట దాటింది, చివర్లో వేళ్ళు బ్లేడుకి మరీ దగ్గరగా వచ్చేస్తాయి. బీట్‌రూట్ అయితే సగంలో వదిలేశాను.

ఒకరిద్దరికి కీర సలాడ్ అయితే చాలు. ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనం దీంతో అంటే కష్టం. ఆ 350 పెట్టినందుకు బాధ లేదు గానీ, మీ అవసరానికి ఇది కొనకండి.

రాజాం_వంటిల్లు
నేను హ్యాండిల్ ఉన్నది నాలుగేళ్ళుగా వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు అది పనిచేసే తీరు చెప్పాలి. ఒకవైపు ముళ్ళున్న చక్రం ఉంటుంది, అది కాయ ఒక చివర గుచ్చుకుని పట్టుకుంటుంది. రెండో వైపు బ్లేడు, దాని మధ్యలో చిన్న గొట్టం. హ్యాండిల్ తిప్పుతూ తోస్తే కాయ బ్లేడు మీద తిరుగుతుంది, తీగలు అటువైపు రాలతాయి, మధ్య భాగం వేలెడు లావున గొట్టంలోంచి మిగిలిపోతుంది. అంటే కాయ మధ్యలో గట్టిగా ఉండాలి. గుజ్జో గింజలో ఉంటే ముళ్ళకి పట్టు దొరకదు, చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది, కాయ కదలదు. సన్నటి కాయ అయినా లాభం లేదు. కనీసం నాలుగు సెంటీమీటర్ల లావు ఉంటేనే పొడుగు తీగలొస్తాయి, లేకపోతే అర్ధచంద్రాకారంలో ముక్కలు రాలతాయి. వంకర కాయ అయితే రెండు ముక్కలుగా కోసి, తిన్నగా ఉన్న భాగమే పెట్టాలి.

ఈ లెక్కన మన కూరగాయలు చూసుకోండి. దోసకాయ పనికిరాదు, లోపలంతా గింజలే. బీరకాయ మెత్తన, పొట్లకాయ డొల్ల, రెండూ వద్దు. అరటికాయ వంకర, పైగా జిగురు బ్లేడుకి అంటుకుంటుంది. కందని అసలు దగ్గరికి రానివ్వకండి, చేతులు దురద పెడతాయి. ముల్లంగి, లావుపాటి ఊటీ క్యారెట్, బంగాళదుంప, చిలగడదుంప, బీట్‌రూట్, నూల్‌కోల్ బ్రహ్మాండంగా వస్తాయి. చలికాలంలో వచ్చే సన్నటి ఎర్ర క్యారెట్‌కి లావు చాలదు.

మీకు కావలసింది ఆనపకాయ. అవుతుంది, కానీ కాయ ఎంచుకోవడంలోనే అంతా ఉంది. గుండ్రటిది వద్దు, పొడుగ్గా సన్నగా ఉన్నది తీసుకోండి. మన అమ్మలు చూసినట్టే గోరు గుచ్చి చూడండి, సులువుగా దిగాలి. అంత లేతగా ఉంటే గింజ కట్టి ఉండదు. నేను తొడిమ వైపు సగం మెషిన్లో పెడతాను, మిగతా సగం పులుసులోకి పోతుంది.

టెక్కలి_టీచర్
ఆనపకాయ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త, దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. జుకినీ నూడుల్స్ చాలామంది పచ్చిగానే తింటారు. అది చూసి మనం ఆనపకాయని అలాగే తినే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే ఊసేసి, నోరు కడుక్కుని, కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు కుకుర్బిటసిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. వండినా అవి పోవు. చేదు ఆనపకాయ రసం తాగి వాంతులు, రక్తవిరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా దీని మీద హెచ్చరించింది. ఉప్పూ కారం వేశాక చేదు తెలియకపోవచ్చు కాబట్టి కోసిన వెంటనే చూడండి. కీరకీ ఇదే పద్ధతి.

ఇక షుగర్ సంగతి. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 130 కేలరీలు, 28 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. అదే బరువు ఆనపకాయలో 15 కేలరీలు, మూడు నాలుగు గ్రాముల పిండిపదార్థం. మిగతాదంతా నీరే, 95 శాతం దాకా. తేడా పెద్దదే. కానీ ఆ తేడా వల్లే రాత్రి పదింటికి మళ్ళీ ఆకలేస్తుంది. పప్పో, గుడ్డో, పనీరో, వేరుశనగపప్పో కలవకపోతే అది భోజనం అవదు. ఇంకో మాట, మీ వారు షుగర్ మాత్రలు వేసుకుంటూ ఉంటే ఒక్కసారిగా అన్నం మానేయించకండి. కొన్ని మాత్రలతో షుగర్ మరీ కిందికి పడిపోతుంది. డాక్టరు గారికి చెప్పి మొదలుపెట్టండి.

చిలగడదుంప, బంగాళదుంప తీగలుగా తీసినా దుంపలే. ఆకారం మారితే పిండి తగ్గదు.

చోడి_అంబలి (పార్వతీపురం)
నేను కొనొద్దనే చెబుతాను. ఉప్మా రవ్వకి బదులు క్యారెట్, క్యాబేజీ సన్నగా తరిగి నువ్వులపొడితో వేయించి తినడం మా ఇంట్లో మా నాన్నగారి కాలం నుంచీ ఉంది, ఆయనకి ముప్ఫై ఏళ్ళు షుగర్. మా అమ్మ కత్తిపీట మీద క్యాబేజీ తరిగితే దారాల్లా రాలేది. పొడుగు తీగలే కావాలనుకుంటే పళ్ళున్న పీలర్ ఉంటుంది, 100, 150కి వస్తుంది. క్యారెట్ మీద పై నుంచి కిందికి లాగితే సన్నటి పోగులొస్తాయి. గింజలున్న కాయకీ అది పనికొస్తుంది, చుట్టూ గీసుకుని మధ్య భాగం వదిలేయొచ్చు. చోటు ఆక్రమించదు, సొరుగులో పడి ఉంటుంది.

నాకు అసలు బెంగ మన తిండి గురించి. చోడి (రాగి) అంబలి, ఉలవలు, కొర్రలు మన ఊళ్ళలో తరతరాలుగా తింటున్న తిండి. వాటిని పక్కన పెట్టి జుకినీ కోసం వెతకడం నాకు నచ్చదు. అవి కూడా కొలతగానే తినాలి, ఆ సంగతి తెలుసు.

రాజాం_వంటిల్లు
అమ్మా, మీ పీలర్ మాట నిజం, ఇద్దరికే అయితే అదే చాలు. కానీ మా ఇంట్లో ఆరుగురం. కిలోన్నర ముల్లంగి పీలర్‌తో గీస్తే భుజం పోతుంది, మెషిన్లో ఐదు నిమిషాలు.

మూడులాంతర్ల_వాసి (విజయనగరం)
ముల్లంగి మాటకి నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు జపాన్‌లో ఉంటాడు. అక్కడ పచ్చి చేప ముక్కల పక్కన తెల్లటి ముల్లంగి పోగులు కుప్పగా పెడతారు, దాన్ని త్సుమ అంటారట. చెయ్యి తిరిగిన వంటవాళ్ళు ముల్లంగిని గుండ్రంగా తిప్పుతూ కత్తితో కాగితంలా ఒక్కటే పొర తీసి, దాన్ని మడిచి పోగులుగా తరుగుతారు. అంత పనితనం లేనివాళ్ళకి తిప్పే మెషిన్లు అక్కడ ఉన్నాయి. ముల్లంగి చల్లటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే ఘాటు తగ్గి కరకరలాడుతుందని వాడు చెప్పాడు. నేను అలా చేసి పెరుగులో కలిపి, ఆవాలు మిరపకాయ తాలింపు పెట్టాను. ఇంట్లో ముల్లంగి వాసనే పడని పిల్ల రెండుసార్లు వేయించుకుంది.

బొబ్బిలి_బాబాయి
కడగడం గురించి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో అది అటకెక్కింది కడగలేకే. తినేసి తర్వాత కడుగుదాం అనుకుంటే పీచు బ్లేడు పళ్ళ మధ్య ఎండి బిగుసుకుపోతుంది. మా కోడలు గుడ్డతో తుడవబోయి బొటనవేలు కోసుకుంది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో బ్లేడులు ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోండి.

రాజాం_వంటిల్లు
అయ్యో, చాలా బాధాకరం బాబాయి గారూ. మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను తీగలు తీసిన మరుక్షణం, పొయ్యి వెలిగించకముందే, కుళాయి కింద పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దేస్తాను. వేళ్ళతో, గుడ్డతో ఎప్పుడూ వద్దు. క్యారెట్ రంగు ప్లాస్టిక్‌కి పడితే రెండు చుక్కల నూనె రాసి తుడిస్తే పోతుంది. ఇంకొకటి, కింద రబ్బరు కప్పులు గ్రానైట్ లాంటి నున్నటి గట్టుకి మాత్రమే అతుక్కుంటాయి, అదీ జిడ్డు లేకుండా ఉంటేనే. సిమెంటు గట్టు అయితే మెషిన్ జారిపోతుంది, ఒకరు పట్టుకోవాలి. కొనేముందు మీ గట్టు చూసుకోండి.

ధర్మపురి_దీప (విజయనగరం)
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. టీచర్ గారూ, మాత్రల సంగతి నాకు తట్టనే లేదు, రేపే అడుగుతాను. రాజాం అక్కా, ఆనపకాయ తీగలు వండితే నీళ్ళోడవా? ఎలా చేస్తారో చెప్పరా?

రాజాం_వంటిల్లు
నీళ్ళోడుతుంది, మొదట్లో నాకూ పాయసంలా అయిపోయింది. తీగలకి అర చెంచా ఉప్పు రాసి జల్లెడలో పావుగంట వదిలెయ్యి. అరగ్లాసు దాకా నీళ్ళు దిగుతాయి. గుప్పిటతో గట్టిగా పిండెయ్యి. తర్వాత వెడల్పు మూకుడు బాగా కాలనిచ్చి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో వేసి పెద్దమంట మీద రెండే రెండు నిమిషాలు. మూత పెట్టకు. దింపాక వేయించిన నువ్వులపొడి, నిమ్మరసం. మేము నానబెట్టి ఉడికించిన పెసరపప్పు పలుకుగా ఉన్నప్పుడే కలుపుతాం. తాలింపులో మళ్ళీ ఉప్పు వెయ్యకు, రాసింది సరిపోతుంది.

ఆమదాలవలస_అమ్మాయి
పనసపొట్టు దీంతో వస్తుందా అండి? మా అత్తగారికి ఆవపెట్టిన పనసపొట్టు కూరంటే ప్రాణం, కొట్టేవాళ్ళు దొరకడం లేదు.

రాజాం_వంటిల్లు
రాదమ్మా. పనస పాలకి బ్లేడు జిగురెక్కి పాడవుతుంది. దానికి చేతికి నూనె రాసుకుని కత్తితో కొట్టడమే.

ధర్మపురి_దీప (విజయనగరం)
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. కొనకుండా, పక్కవీధిలో ఒకావిడ దగ్గర ఉంటే పది రోజులకి అడిగి తెచ్చుకున్నాను, హ్యాండిల్ ఉన్నదే. డాక్టరు గారు వారానికి మూడు రాత్రులు సగం అన్నం బదులు చెయ్యమన్నారు, పడుకునే ముందు షుగర్ చూసుకోమన్నారు.

మొదటి రోజు తెచ్చిన ఆనపకాయ ముదురు, చక్రం ఖాళీగా తిరిగింది. రెండోసారి గోరు గుచ్చి చూసి తెచ్చాను. రుచి చూశాను, తియ్యగానే ఉంది. తొక్క తీసి పెట్టి తిప్పితే మొదటి తీగ చేతి పొడుగున వచ్చింది, మా అత్తగారు పక్కనే నిలబడి దాన్ని పైకెత్తి పట్టుకుని చూశారు. అక్క చెప్పినట్టే చేశాను. మా వారు కంచం ఖాళీ చేసి, "పెసరపప్పు ఇంకాస్త ఉంటే బాగుండు" అన్నారు. ఆ పది రోజుల్లో నాలుగుసార్లు చేశాను. ఒకసారి ముల్లంగి పెరుగులో కలిపి చేశాను, అది అత్తగారికి నచ్చింది. చపాతీ చేసే రోజు కంటే పని తక్కువేం కాదు, పిండడం, కడగడం అన్నీ కలిపితే అంతే అవుతుంది. కానీ ఆయన వద్దనకుండా తింటున్నారు, నాకు కావలసింది అదే.

ఇప్పుడు మెషిన్ వాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. పళ్ళున్న పీలర్ ఒకటి గంటస్తంభం దగ్గర 120కి కొన్నాను. మాది ముగ్గురమే కాబట్టి ఈ నెలంతా దాంతో చేసి చూస్తాను. చెయ్యి నొప్పి పుడితే 1,400 పెట్టేస్తాను, అత్తగారు కూడా సరే అన్నారు. రాజాం అక్కా, పీలర్‌తో తీసిన పోగులు మరీ సన్నంగా ఉన్నాయి, వీటికి ఉప్పు రాసి పావుగంట ఉంచాలా, తగ్గించాలా?

రాజాం_వంటిల్లు
ఐదు నిమిషాలు చాలు దీపా. ఎక్కువ ఉంచితే మెత్తబడిపోతాయి. మంట మీద కూడా ఒక్క నిమిషమే.