చేత్తో చేసిన చెకుముకి తుపాకీ: ఉలి గీతలు ఉంచాలా, తీసేయాలా?

వాల్‌నట్‌కర్ర అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. రెండేళ్లు ఎదురుచూశాక నా తుపాకీ చేతికొచ్చింది. లైసెన్సు కాగితాలన్నీ అయ్యాయి, ఆ టెన్షన్ లేదు. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ వేట తుపాకీ, ఫ్యూజిల్ ద షాస్ నమూనాలో ఒక్క మనిషే కూర్చుని మొత్తం చేశాడు. గొట్టం 42 అంగుళాలు, లోపల మరలు లేకుండా నున్నగా ఉంటుంది. 20 బోర్, అంటే ఒక పౌను సీసంతో ఆ గొట్టానికి సరిపోయే గుళ్లు 20 వస్తాయి.

వెనక వైపు గొట్టం ఎనిమిది పలకలతో మొదలై, పోనుపోను గుండ్రంగా మారుతుంది. మారే చోట సన్నటి కడియంలా ఒక గీత తిప్పాడు. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ కడియం మీద బొటనవేలు పెట్టి చూస్తాను. పలక ఎక్కడ అయిపోయిందో వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు. భుజానికి ఆనే కర్ర మడమ అడుగున ఆవు కాలిలా ఒక వంపు ఉంది. ఫ్రెంచివాళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లట. చెంపకు ఆనిస్తే ఎప్పటినుంచో నాదే అన్నట్టు కుదురుతుంది.

ఇక అడగాల్సినవి రెండు. గొట్టం విప్పి చూస్తే కింద కర్రలో ఉలి గీతలు స్పష్టంగా ఉన్నాయి. లాక్, అంటే రాయి కొట్టే యంత్రం, చుట్టూ ఉన్న చదును భాగం కూడా ఎడమ పక్కకంటే కుడి పక్కన వెంట్రుకవాసి వెడల్పు. సన్నటి గరుకు కాగితంతో సరిచేయనా? రెండోది, మీట నొక్కగానే రంజకం, అంటే బయట పళ్ళెంలో పోసే మందు, భగ్గుమంటుంది కానీ, లోపలి మందు అంటుకోవడానికి తడబడుతోంది. టక్, బుస్, ఆ తర్వాత ఢాం. ఆ మధ్యలో నా గురి కదిలిపోతోంది.

పాతలాక్ జవాబు:

వాల్‌నట్‌కర్ర గారూ, దయచేసి గరుకు కాగితం పక్కన పెట్టేయండి. ఆ ఉలి గీతలు తప్పులు కావు. పాత తుపాకులు విప్పితే లోపల ఇంతకంటే మొరటు పని కనిపిస్తుంది. బయటికి కనిపించే చోట ఓపిక, కనిపించని చోట వేగం, అప్పటి పనివాళ్ల పద్ధతి అదే. మీ మనిషికి ఆ పద్ధతి తెలుసు కాబట్టే అలా వదిలాడు. వెంట్రుకవాసి తేడా సంగతీ అంతే. కంటితో కొలిచి చెక్కినవాడి చెయ్యి అది. ఒక్కసారి రుద్దితే మళ్లీ రాదు.

ఇంకో మాట, కొంచెం గట్టిగానే చెబుతున్నాను. గొట్టాన్ని పదే పదే విప్పకండి. దాన్ని కర్రకు పట్టి ఉంచేవి సన్నటి సీలలు. కొట్టి తీసిన ప్రతిసారీ ఆ బెజ్జాలు వదులవుతాయి, పక్కన కర్ర పెచ్చు లేస్తుంది. అక్కడ కర్ర మందం ఎంత తక్కువో మీరే చూశారు కదా. కడగాలంటే పక్క బెజ్జంలో, అంటే పళ్ళెంలోంచి మంట గొట్టంలోకి వెళ్లే బెజ్జంలో, పుల్ల దూర్చి, గొట్టంలో గోరువెచ్చని నీళ్లు పోసి, పీలికతో తుడిచి ఆరబెట్టండి. తర్వాత పల్చగా నూనె పట్టించండి. ఈ పని మర్నాటికి వాయిదా వేయకండి. కాలిన మందు మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది, తుప్పు పడుతుంది.

నిప్పురవ్వ జవాబు:

తడబాటు గురించి నేను చెబుతాను. రంజకం ఎంత పోస్తున్నారు? పళ్ళెం నిండా పోసి పక్క బెజ్జాన్ని కప్పేస్తున్నారని నా అనుమానం. బెజ్జంలో మందు కూరుకుంటే అది వత్తిలా కాలుకుంటూ లోపలికి వెళ్లాలి. ఖాళీగా ఉంటే మంట ఒక్కసారిగా దూకుతుంది. పళ్ళెంలో మూడో వంతు చాలు, అదీ బెజ్జాన్ని కప్పకుండా. నింపే ముందు సన్నటి తీగతో బెజ్జం శుభ్రం చేయండి.

తర్వాత రాయి చూడండి. చాలామంది నిప్పు రాయిలోంచి వస్తుందనుకుంటారు. కాదు, ఉక్కులోంచి. రాయి అంచు ఫ్రిజెన్ అనే ఉక్కు పలకను గీకుతుంది, ఆ గీకిన తునకలే కాలుతూ రంజకంలో పడతాయి. అందుకే అంచు పలకకు సమాంతరంగా, పూర్తి వెడల్పున తగలాలి. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, రాయిని పట్టుకున్న సుత్తిని సగం ఎక్కించి, పలక మూసి చూడండి. అంచు పలకకు దగ్గరగా ఉండాలి, తాకకూడదు. రాయికి కింద తోలుముక్క చుట్టి బిగించండి, లేకపోతే జారుతుంది. రవ్వలు మందకొడిగా ఎర్రగా ఉండి, పలక మీద లోతైన గాట్లు పడుతుంటే ఉక్కు మెత్తగా ఉన్నట్టు. అప్పుడు చేసినవాడికే పంపి గట్టి పెట్టించాలి.

కాల్చేటప్పుడు మీ కుడి పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి. ఆ బెజ్జంలోంచి మంట అడ్డంగా చిమ్ముతుంది. పేలకపోయినా గొట్టం గురి వైపే ఉంచి, నిమిషం ఆగండి.

వాల్‌నట్‌కర్ర:

ఇద్దరికీ ఎంతో రుణపడ్డాను. గొట్టం మళ్లీ విప్పలేదు, గరుకు కాగితం డ్రాయర్లోకి వెళ్లిపోయింది. నిప్పురవ్వ గారూ, మీరన్నదే. నేను పళ్ళెం నిండా పోస్తున్నాను, ఎక్కువ పోస్తే బాగా అంటుకుంటుందని. మూడో వంతుకు తగ్గించి, రాయి వంకర సరిచేశాను. తుపాకీని బల్ల మీద ఆనించి, ప్రతిసారీ ఒక్క గుండు పెట్టి, 40 గజాల దూరంలోని గురి మీద ఐదుసార్లు కాల్చాను. టక్, ఢాం రెండూ దాదాపు ఒకే శబ్దంగా వినిపించాయి. ఐదులో నాలుగు గుళ్లు నా అరచెయ్యి కప్పేంత చోట పడ్డాయి, ఒకటి కుడికి పోయింది, అది నేనే కదిలాను. మసి కడిగి తుడుస్తుంటే లాక్ వెనక మూలలో కర్ర మీద ఆకురాయి అంచు జారిన చిన్న గాటు కనిపించింది. దాన్ని అవిసె నూనె వేలితో రుద్ది అలాగే ఉంచాను. ఫొటో రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను.