పేరు@డొమైన్‌తో బిట్‌కాయిన్ అడ్రస్ తెచ్చుకోవాలంటే జేసన్ మేలా, టీఎక్స్‌టీ రికార్డు మేలా?

ప్రశ్న:
చిన్న వాలెట్ యాప్ కడుతున్నాం. పొడవాటి అడ్రస్ బదులు పేరు@డొమైన్ కొడితే చెల్లించాల్సిన అడ్రస్ దొరకాలి. పేరుకో జేసన్ ఫైలు (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక ఫార్మాట్) సర్వర్‌లో పెట్టి హెచ్‌టీటీపీఎస్ మీద తెచ్చుకోవచ్చు, లేదా డొమైన్ పేర్ల వివరాలు చెప్పే డీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు (చిన్న టెక్స్ట్ నమోదు) పెట్టొచ్చు. పార్సింగ్ (వచ్చిన టెక్స్ట్‌ను విడదీసి చదవడం) ఎంత తక్కువుంటే అంత మంచిది. కట్టాల్సిన మొత్తం కూడా అందులోనే పెట్టాలనుంది. ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
టీఎక్స్‌టీ తీసుకోండి. కొత్త ఫార్మాట్ మాత్రం కనిపెట్టకండి, 2024లో వచ్చిన బిప్ 353 సరిగ్గా ఈ పనికే ఉంది (బిప్ అంటే బిట్‌కాయిన్ పద్ధతుల మీద రాసే ప్రతిపాదన). పేరు "షాప్" అయితే వెతకాల్సిన రికార్డు షాప్.యూజర్._బిట్‌కాయిన్-పేమెంట్.డొమైన్ (రికార్డులో ఇవన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంటాయి). లోపల ఉండేది "బిట్‌కాయిన్:" అని మొదలయ్యే చెల్లింపు లింకు, దాని రూపం బిప్ 21లో ఉంది. క్యూఆర్ స్కాన్ కోసం ఆ లింకు చదివే పార్సర్ మీ దగ్గర ఎలాగూ ఉండాలి, ఇక్కడా అదే సరిపోతుంది.

తప్పులు జరిగే చోట్లు చెప్తాను. టీఎక్స్‌టీలో ఒక్కో ముక్క 255 బైట్లు దాటదు. లైట్నింగ్ (బిట్‌కాయిన్ మీద నడిచే వేగవంతమైన చెల్లింపుల నెట్‌వర్క్) ఆఫర్, అంటే మళ్లీ మళ్లీ వాడగల చెల్లింపు కోడ్, కూడా చేర్చారంటే లింకు రెండు మూడు ముక్కలవుతుంది. వాటిని మధ్యలో ఖాళీ లేకుండా కలపాలి, ఒక్క స్పేస్ పడ్డా లింకు పాడైపోతుంది. ఒకే పేరు మీద "బిట్‌కాయిన్:" రికార్డులు రెండు కనిపిస్తే మొదటిది తీసుకోకూడదు, రెండూ చెల్లవు. అన్నిటికంటే ముఖ్యం డీఎన్‌ఎస్‌సెక్, అంటే డీఎన్‌ఎస్ రికార్డుల మీద డిజిటల్ సంతకాలు. డీఎన్‌ఎస్‌లో అన్నిటికంటే పైనుండే రూట్ నుంచి సంతకాల గొలుసు మొత్తం వాలెట్టే సరిచూడాలి. అది లేకపోతే దారిలో ఎవరైనా అడ్రస్ మార్చేయొచ్చు, పోయిన డబ్బు తిరిగి రాదు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ ఒక చిక్కుంది. టీఎక్స్‌టీలో మామూలు అడ్రస్ పెడితే అందరూ దానికే పంపుతారు, ఎంత వచ్చిందో ఎవరైనా లెక్కేయొచ్చు. బిప్ 352 సైలెంట్ పేమెంట్ అడ్రస్ (ప్రతి చెల్లింపూ వేరే అడ్రస్‌కు వెళ్లేలా చేసేది) పెడితే ఈ బాధ తీరుతుంది. బదులుగా, తీసుకునేవాళ్ల వాలెట్ ఎక్కువ స్కాన్ చేయాల్సి వస్తుంది.

లైట్నింగ్ ఒక్కటే చాలనుకుంటే జేసన్ దారీ ఉంది. లైట్నింగ్ అడ్రస్ అలాగే పనిచేస్తుంది, చెల్లింపు చెల్లింపుకూ సర్వర్ కొత్త ఇన్‌వాయిస్ ఇస్తుంది. అయితే సర్వర్ పడిపోతే చెల్లింపులు ఆగుతాయి, అడిగినవాళ్ల ఐపీ కూడా దానికి తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండి. మరి కట్టాల్సిన మొత్తం సంగతి?

జవాబు 3:
రికార్డులో కట్టాల్సిన మొత్తం పెట్టకండి. పేరు ఒకటే, బిల్లు మాత్రం ప్రతిసారీ మారుతుంది. అది క్యూఆర్‌లో ఇచ్చే లింకులో ఉండాలి.

బిప్ 21లో కట్టాల్సిన మొత్తం బిట్‌కాయిన్లలో, దశాంశంగా వస్తుంది. దాన్ని ఫ్లోట్‌గా (దశాంశాన్ని సుమారుగా దాచే సంఖ్యగా) చదవొద్దు. 0.29ని డబుల్‌గా (ఒక రకం ఫ్లోట్‌గా) తీసుకుని పది కోట్లతో గుణించి, దశాంశం కోసేస్తే 2,89,99,999 వస్తుంది, ఒక సతోషి (బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతు) తక్కువ. స్ట్రింగ్‌గానే (అక్షరాల వరసగానే) ఉంచి చుక్క దగ్గర విడదీయండి. కుడి భాగాన్ని చివర సున్నాలతో 8 అంకెలకు నింపి, ఎడమ భాగం పక్కన చేర్చి, అప్పుడు ఇంటిజర్ (పూర్ణాంకం) చేయండి. 0.0005లో కుడివైపు "0005", నింపితే "00050000", అంటే 50,000 సతోషీలు. 8 అంకెలు మించితే తిప్పి పంపండి.

ఇంకోటి, లింకు మొత్తాన్ని చిన్నక్షరాల్లోకి మార్చే అలవాటుంటే మానేయండి. 1తో, 3తో మొదలయ్యే పాత అడ్రస్‌లలో పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. "రెక్-" అని మొదలయ్యే పారామీటర్ మీ వాలెట్‌కు అర్థం కాకపోతే లింకునే తిరస్కరించాలి, మిగతా తెలియనివి వదిలేయొచ్చు.