‘నామ్ డి గేర్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధం నాటి ఫ్రెంచి సేనాని లెక్లేర్ మీద వచ్చిన ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదిస్తున్నాను. లెక్లేర్ అనేది ఆయన ‘నామ్ డి గేర్’ అని అందులో ఉంది. నేను ‘కలం పేరు’ అని రాశాను. చదివిన మిత్రుడు ‘ఇంతకీ ఆయన ఏ పుస్తకాలు రాశాడు?’ అన్నాడు. ‘యుద్ధనామం’ అందామంటే అష్టోత్తరంలోని మాటలా ఉంది. ఏమనాలి?

జవాబు: ‘మారుపేరు’ అనండి, చాలు. అయితే మీరు పొరబడిన తీరు ముచ్చటగా ఉంది, ఎందుకంటే ఇంగ్లీషువారూ దాదాపు ఇక్కడే తడబడ్డారు.

గేర్ అంటే యుద్ధం. (నామ్ మన ‘నామం’కు దూరపు చుట్టమే.) పాత ఫ్రెంచి సైన్యంలో చేరినవాడికి ఇంకొక పేరు ఉండేది. ఒక్కొక్క దళంలో ఎందరో ఝాన్‌లు, ఎందరో పియేర్‌లు; పిలిస్తే ఎవరు పలకాలి? అందుకని ఒకడు ‘లా తులిప్’, అంటే తులిప్ పువ్వు. ఇంకొకడు ‘సాన్ సూసీ’, చీకూచింతా లేనివాడు. తుపాకీ పట్టినవాడికి పువ్వు పేరేమిటని నవ్వు వస్తుంది కానీ అలాంటివి చాలానే ఉండేవి. 1665లో కారిన్యాన్-సాలియేర్ దళం కెనడాకు వెళ్ళింది. అందులో సుమారు 400 మంది అక్కడే స్థిరపడ్డారు. అలా ఉండిపోయిన సైనికుల మారుపేర్లే కొన్ని వంశాలకు ఇంటిపేర్లయ్యాయి. ‘లాఫ్లేర్’ (పువ్వు), ‘జోలికేర్’ (అందమైన హృదయం) లాంటి ఇంటిపేర్లు క్యెబెక్‌లో ఇప్పటికీ వినిపిస్తాయి.

ఈ మాటను ఇంగ్లీషువారు 17వ శతాబ్దంలోనే తెచ్చుకున్నారు, రచయితల మారుపేర్లకూ వాడారు. తరవాత, 19వ శతాబ్దంలో, రాసేవాడికి యుద్ధంతో పనేమిటి అనిపించిందో ఏమో, ఫ్రెంచి ముక్కలనే అతికించి ‘నామ్ డి ప్లూమ్’ అన్నారు. ప్లూమ్ అంటే ఈక, ఈకతో చేసిన కలం. మాట ఫ్రెంచిదే, పుట్టిల్లు మాత్రం ఇంగ్లండు. ఫ్రాన్సు నుంచి రాని ఫ్రెంచి మాటను వాడటమేమిటని ఇంగ్లీషు వాడుక మీద 1926లో పుస్తకం రాసిన ఫౌలర్ ఎద్దేవా చేశాడు. ఎద్దేవా ఫలించలేదు, ఇప్పుడు ఫ్రెంచివారూ దాన్ని వాడుతున్నారు.

దాన్నే ఇంగ్లీషులోకి మార్చుకుంటే ‘పెన్ నేమ్’, అదే మన ‘కలం పేరు’. ఇందులో కలం ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట, దాని వెనక గ్రీకు రెల్లు. ఎవరూ ‘గంటం పేరు’ అనలేదు. తాటాకుల కాలంలో ఆ అవసరమే పడలేదు కాబోలు.

ఇక లెక్లేర్. అసలు పేరు ఫిలిప్ ద ఓత్‌క్లోక్. 1940లో లండన్ చేరి, జర్మన్లకు లొంగని ఫ్రెంచి నాయకుడు ద గోల్ పక్షాన నిలిచాడు. భార్యాపిల్లలు జర్మన్ల ఆక్రమణలోని ఫ్రాన్సులో ఉన్నారు. తన పేరు బయటపడితే వాళ్ళ ప్రాణాలకు ముప్పు, అందుకే ఆ మారుపేరు. ఇక్కడ కలం ఎక్కడుంది చెప్పండి?

ఇంకొక సభ్యురాలు: మనకు ‘ముద్ర’ ఉంది కదా, కవి తన పదంలో గుర్తుగా పెట్టుకునే మాట? క్షేత్రయ్య పదాల్లో ‘మువ్వగోపాల’?

జవాబు: ముద్ర ఉన్నది ఆ పదం ఎవరిదో చెప్పడానికమ్మా, దాచడానికి కాదు. ఆ సంగతికి వస్తే దిగంబర కవులనిపించుకున్న ఆరుగురు తిరుగుబాటు కవుల పేర్లూ దాచడానికి పెట్టుకున్నవి కావు. బద్దం భాస్కరరెడ్డి ‘చెరబండరాజు’ అయ్యాడంటే ముఖం చాటు చేసుకోవడానికా? 1965లో ఆ ఆరుగురు తమ పేర్లతోనే కయ్యానికి కాలు దువ్వారు. వాటిని కలం పేర్లు అనడం నాకెప్పుడూ చప్పగానే ఉంటుంది. మీ ‘యుద్ధనామం’ ఎక్కడైనా అతుకుతుందంటే అక్కడే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘లెక్లేర్ అనే మారుపేరుతో పోరాడాడు’ అని దిద్దాను. ‘లెక్లేర్ ఆయన మారుపేరు’ అని వదిలేస్తే, నిజాయితీకి మారుపేరు అన్నట్టు, దేనికి మారుపేరని మా మిత్రుడు అడిగేలా ఉన్నాడు.